సార్డీనియా రేచుకుక్క పోయింది, దాని చుట్టం నల్లమలలో ఉంది

సంపాదకులు గారికి నమస్కారం.

మంచుయుగంలో బతికిన, తోడేలును పోలిన డైర్ వుల్ఫ్‌ను అమెరికాలో మళ్లీ పుట్టించారన్న వార్తను మీరు పెద్ద ఫొటోతో వేశారు. 2025 ఏప్రిల్‌లో కొలోసల్ అనే కంపెనీ ప్రకటన వచ్చినప్పటి నుంచి మా ఇంటికొచ్చే పాత విద్యార్థులు కూడా "మేడం, అంతరించిపోయిన జంతువుల్ని నిజంగా తేవచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. మామూలు తోడేలు కణాలు తీసుకుని, 14 జన్యువుల్లో 20 మార్పులు చేసి పుట్టించిన పిల్లలవి. డైర్ వుల్ఫ్ వంశమూ తోడేళ్ల వంశమూ 50 లక్షల ఏళ్లకు ముందే విడిపోయాయని పాత ఎముకల్లోని డీఎన్ఏ చదివినవాళ్లు 2021లో చెప్పారు. అంత దూరపు బంధువుకి ఇరవై మార్పులు చేసి, పోయిన జంతువు తిరిగొచ్చిందనడాన్ని నేను ఒప్పుకోలేను. దాని మీద మీ పత్రికలో ఇప్పటికే చాలా ఉత్తరాలు వచ్చాయి కాబట్టి నేను ఆ చర్చలోకి వెళ్లను.

అదే 2021లో ఇంకో అడవి కుక్క గురించి పరిశోధన ఒకటి వెలువడింది. మన పత్రికల్లో అది ఎక్కడా నా కంటపడలేదు. ఆ కుక్క అంతరించిపోయింది. దాని చుట్టమైన రేచుకుక్క (ఇంగ్లీషులో ధోల్) మాత్రం మా ఆత్మకూరు పక్కన నల్లమలలో ఈ రోజుకీ వేటాడుతోంది. ఆ రెంటి సంగతీ మీ పాఠకులకు చెప్పాలని రాస్తున్నాను.

మధ్యధరా సముద్రంలో ఇటలీకి చెందిన సార్డీనియా దీవి ఉంది. దాని ఉత్తరాన ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గినప్పుడు ఈ రెండూ కలిసి ఒకే పెద్ద దీవిగా ఉండేవి. అక్కడ దొరికిన ఎముకలు చూసి స్టుడియాటి అనే ఇటలీ శాస్త్రవేత్త 1857లో ఒక కుక్కజాతి జంతువుకు సైనోథీరియం సార్డౌస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని సార్డీనియా రేచుకుక్క అంటున్నారు. ఒలియేనా ఊరి దగ్గర కార్బెడ్డు అనే గుహ ఉంది. అందులో దొరికిన అస్థిపంజరం వల్ల దాని ఒళ్లు, నడక, వేట గురించి బాగా తెలిసింది. బరువు సుమారు పది కిలోలు. దాని పూర్వీకుడని అనుకునే జెనోసయాన్ తోడేలంత పెద్దది, గుంపుగా కలిసి పెద్ద జంతువుల్ని కొట్టేది. దీవిలో వేల తరాలు గడిచాక శరీరం చిన్నదైపోయింది, వేట కూడా మారిపోయింది. ప్రోలాగస్ అని కుందేలు తెగకు చెందిన చిన్న జంతువు ఒకటి ఆ దీవుల్లో విపరీతంగా ఉండేది. దాని కోసం నేలకు వంగి నక్కుతూ వెళ్లి మీద పడేలా కాళ్లు, తలను అటూ ఇటూ చురుగ్గా తిప్పగలిగేలా మెడ తయారయ్యాయి. పెద్ద దుప్పిని తరిమే కుక్క పొదలో కదలిక కోసం కాచుకునే కుక్కగా మారిందన్నమాట. పరిణామం పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఉద్యోగంలో ఉండగా తెలిసుంటే ఎంత బాగుండేదో!

ఇది ఎవరి చుట్టం అన్నది నూట యాభై ఏళ్లకు పైగా తేలలేదు. దంతాలు చూసి కొందరు ఆఫ్రికా వేటకుక్క వైపు అన్నారు, కొందరు ఆసియా రేచుకుక్క వైపు అన్నారు. చివరికి సుమారు 21 వేల ఏళ్ల నాటి ఎముక నుంచి దాని జన్యువులన్నీ చదివారు. బతికున్న జంతువుల్లో దానికి అందరికంటే దగ్గరిది మన రేచుకుక్కే అని తేలింది. రెండు వంశాలూ సుమారు 8 లక్షల 85 వేల ఏళ్ల క్రితం వేరుపడ్డాయి.

ఆ పరిశోధనలో నన్ను బాగా కదిలించిన విషయం దీని తర్వాత వస్తుంది. వేరుపడ్డాక కూడా రెండు వంశాల మధ్య రాకపోకలు, జతకట్టడాలు చాలాకాలం సాగాయి. సుమారు 5 నుంచి 3 లక్షల ఏళ్ల క్రితానికి అవి ఆగిపోయాయి. అప్పటికే దీవికీ ఇటలీ ప్రధాన భూభాగానికీ మధ్య నేలదారి తెగిపోయింది. అక్కడి నుంచి ఆ కుక్కలు తమలో తాము పుట్టి తమలో తామే జతకడుతూ లక్షల ఏళ్లు ఉన్నాయి. ఆ ఎముకలో కనిపించిన జన్యు వైవిధ్యం ఇప్పుడు బతికున్న కుక్కజాతి జంతువులతో పోలిస్తే చాలా తక్కువ. ఆ తక్కువతనం కూడా వాటి అంతానికి ఒక కారణమై ఉండొచ్చని పరిశోధకులు రాశారు. మంచుయుగం ముగిసే వేళకు, సుమారు 11 వేల ఏళ్ల నాటికి, ఆ కుక్కల ఆనవాళ్లు ఆగిపోతాయి.

ఇక మన రేచుకుక్క. ఆడవాళ్లకు అడవిలో పనేంటని అనేవాళ్లు అన్నా, నల్లమలలోని బైర్లూటి వైపు విద్యార్థుల్ని తీసుకెళ్లడం నేను ఎప్పుడూ మానలేదు. ఒకసారి పొద్దున్నే గుంపు కనపడింది. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి కుచ్చుతోక, గుండ్రటి చెవులు. అరుపు లేదు, మొరుగు లేదు. పొదల్లోంచి ఈల వినిపించింది, అవతలి గట్టు మీంచి ఇంకో ఈల బదులిచ్చింది. మాతో వచ్చిన చెంచు వాచర్ అందర్నీ కూర్చోమని సైగ చేశాడు. అవి మమ్మల్ని చూశాయి, కాసేపు నిలబడ్డాయి, తమ దారిన వెళ్లిపోయాయి. మా అమ్మాయిల్లో ఒక్కరు కూడా భయపడలేదు.

ఈ జంతువు దవడ కూడా ప్రత్యేకమే. ఊరకుక్కకీ తోడేలుకీ 42 దంతాలుంటాయి. రేచుకుక్కకు 40. కింది దవడలో ఒక్కో వైపు మూడు చర్వణకాలు (వెనక ఉండే నమిలే పళ్లు) ఉండాల్సిన చోట రెండే ఉంటాయి. మాంసం గబగబా కోసుకు తినడానికి అనువైన నోరు అది. ఆడకుక్కకు పొదుగు మొనలు పన్నెండు నుంచి పదహారు దాకా ఉంటాయి. గుంపులో ఎక్కువగా ఒక్క జంటే పిల్లల్ని కంటుంది. మిగతావన్నీ కాపలా కాస్తాయి, వేటాడి తిన్న మాంసాన్ని వచ్చి పిల్లల ముందు కక్కుతాయి. వేటలో పడిన జంతువు దగ్గర పెద్దవి పక్కకు తప్పుకుని పిల్లల్ని ముందు తిననిస్తాయి. పులి కంటే, చిరుత కంటే నాకు ఇది ఇష్టం కావడానికి ఆ ఒక్క అలవాటు చాలు.

వీటికి వచ్చినంత చెడ్డపేరు మాత్రం ఇంకే జంతువుకీ రాలేదు. బతికుండగానే పొట్ట చీలుస్తాయని బ్రిటిష్ వేటగాళ్లు వీటిని పీడ జంతువుల్లో వేశారు, చంపినవాళ్లకు డబ్బులిచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ బహుమానం కొనసాగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక గానీ ఆగలేదు. 1970ల్లో వన్యప్రాణి శాస్త్రవేత్త ఏ.జె.టి. జాన్‌సింగ్ గారు బందీపూర్ అడవిలో ఈ కుక్కల వెంట ఓపిగ్గా తిరిగి చదివాకే వీటి కుటుంబ జీవితం లోకానికి సరిగా తెలిసింది. 2024లో ఆయన పోయినప్పుడు మన తెలుగు పత్రికల్లో నాలుగు మంచి మాటలు రావాల్సింది. 2022లో సవరించిన చట్టంలో రేచుకుక్క మొదటి షెడ్యూల్‌లోకి, అంటే పులి ఉన్న జాబితాలోకి, చేరింది. చట్టంలో మారిన మాట వార్తల్లో మాత్రం మారలేదు. మేకలు చనిపోయిన ప్రతిసారీ శీర్షికల్లో "రక్తపిపాసి" అని, "నరరూప" అని ఏదో ఒకటి తగిలిస్తున్నారు. మనిషి మీద పడే అలవాటు లేని జంతువుకు ఆ విశేషణాలు దయచేసి వాడకండి.

పులుల లెక్క మనకు దాదాపుగా తెలుసు. 2022 అంచనా ప్రకారం దేశంలో 3,682. రేచుకుక్కల విషయానికొస్తే, ప్రపంచం మొత్తమ్మీద అడవుల్లో పిల్లల్ని కనగలిగేవి 949 నుంచి 2,215 మధ్య ఉంటాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా. అంటే పిల్లల్ని కనేవాటి లెక్కలో చూస్తే పులి కంటే రేచుకుక్కే అరుదు. గుంపుగా కనిపిస్తాయి కాబట్టి చాలా ఉన్నాయని అనిపిస్తుంది. పైన చెప్పినట్టు గుంపుకి ఒక్క జంటే కంటుంది. అడవిలో నలభై రేచుకుక్కలున్నా తర్వాతి తరానికి రక్తం ఇచ్చేవి పదికి మించవు. ఆ పది కూడా బయటి నుంచి కొత్త జోడీ రాని చోట చిక్కుకుంటే ఏమవుతుందో సార్డీనియా ఎముక చెబుతోంది. వయసొచ్చాక పుట్టిన గుంపును విడిచి వేరే గుంపు వెతుక్కుంటూ పోవడం వీటికి సహజం. అందుకు దారి ఉండాలి.

ఆ దారుల సంగతి చూద్దాం. గత నూరేళ్లలో మన దేశంలో రేచుకుక్క తిరిగిన ప్రాంతంలో 60 శాతం పోయిందని 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది. మిగిలినది ముక్కలు ముక్కలుగా ఉంది. నల్లమల పెద్ద అడవే, నాగార్జునసాగర్-శ్రీశైలం దేశంలోకెల్లా విస్తీర్ణంలో పెద్ద పులుల అభయారణ్యం. కానీ దక్షిణానికి, లంకమల మీదుగా శేషాచలం వైపు పోవాలంటే జంతువు ఎన్ని దాటాలి? నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాట్ రోడ్డు ఒకటి. పక్కనే దిగువమెట్ట, చెలిమ స్టేషన్ల మీదుగా రైలుమార్గం ఒకటి, దాన్ని ఇప్పుడు డబుల్ లైన్ చేస్తున్నారు. తర్వాత పొలాలు, కంచెలు, పల్లెలు. శ్రీశైలం ఘాట్‌లో రాత్రి వాహనాలు ఆపుతున్నారు, అది మంచి పని. రేచుకుక్క మాత్రం ఎక్కువగా పగలు తిరిగే జంతువు. తెల్లవారగానే గేటు తీసే వేళకు, బారులు తీరిన కార్లు ఒక్కసారిగా కదిలే వేళకు, అది వేటకు బయల్దేరుతుంది. రాత్రి ఆపితే పులికి మేలు, దీనికి ఆ మేలు అందదు.

నేను రోడ్లకు వ్యతిరేకిని కాను. మా ఊరి గర్భిణిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లేదీ రోడ్డు మీదే. రోడ్డు కింద జంతువుకు దారి వదలమని మాత్రమే అడుగుతున్నాను. మధ్యప్రదేశ్-మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ అడవి దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారిని వెడల్పు చేసినప్పుడు కింద దారులు కట్టారు. అక్కడ పెట్టిన కెమెరాల్లో పులులు, దుప్పులతోపాటు రేచుకుక్కలు కూడా కనిపించాయి. అక్కడ చేసింది గిద్దలూరు ఘాట్‌లో ఎందుకు చేయకూడదు? రెండో పట్టాలు వేసే పని నడుస్తున్నప్పుడే అడిగితే అయ్యే పని ఇది. పూర్తయ్యాక అడిగితే బడ్జెట్ లేదంటారు.

మా జిల్లాలోనే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. చాలామంది వాటిని చూసే ఉంటారు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు కలిసి 1884, 85ల్లో అక్కడ తవ్వి బోలెడు జంతువుల ఎముకలు తీశారు. అవే గుహల్లో ఈ మధ్య మళ్లీ తవ్వి, ఎముకల వయసు లెక్కగట్టి, 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. గుర్తించిన 21 క్షీరదాల్లో 20 ఇప్పటికీ ఉపఖండంలో ఉన్నాయట. పోయినది ఒక పెద్ద కోతి. రెండు లక్షల ఏళ్లలో వానలు మారాయి, ఎండలు మారాయి, మనిషి వచ్చాడు. అయినా మన జంతువులు నిలిచాయి. ఒకచోట కరువొస్తే ఇంకోచోటికి పోవడానికి అడవీ గడ్డినేలా కలిసి ఉండటమే అందుకు కారణమని ఆ పరిశోధకుల అభిప్రాయం. యూరప్‌లో, అమెరికాలో పెద్ద జంతువులు పోయిన కాలంలో మన దగ్గర నిలిచాయంటే అది ఈ నేల గొప్పదనం. రేచుకుక్కలు కూడా మంచుయుగంలో యూరప్ అంతటా ఉండేవి, మెక్సికోలోని ఒక గుహలో కూడా వాటి ఎముకలు దొరికాయి. అక్కడెక్కడా లేవిప్పుడు. మిగిలినది ఆసియాలోనే, అందులో ముఖ్యంగా మన దేశంలో. విశాఖ జూలో వీటి సంతానోత్పత్తి కేంద్రం నడుపుతున్నారు, అక్కడి సిబ్బంది శ్రమకు నా నమస్కారం. అక్కడ పుట్టిన పిల్లలకు రేపు వదలడానికి కలిసి ఉన్న అడవి కావాలి కదా.

రోడ్డు కంటే తొందరగా దెబ్బతీసేది ఇంకోటి ఉంది: ఊరకుక్కల జబ్బు. రేచుకుక్క, ఊరకుక్క ఒకే తెగ కాబట్టి డిస్టెంపర్, పార్వో, రేబీస్ లాంటి వైరస్ జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి సులువుగా అంటుకుంటాయి. 2018లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు డిస్టెంపర్ వైరస్ బయటపడింది. సింహాలకే అంత జరిగితే కుక్కజాతి జంతువు మాట చెప్పాలా? ఇథియోపియా కొండల్లో తోడేళ్లు రేబీస్ వల్ల గుంపులు గుంపులుగా చనిపోయాయి. అక్కడివాళ్లు కొండ చుట్టూ ఉన్న పల్లెల కుక్కలకు ఏటా టీకాలు వేస్తున్నారు. మా దగ్గర అడవి అంచు పల్లెల్లో మేకల వెంట కాపలాకుక్క పోకుండా ఉండదు. అది పోయి రేచుకుక్క తిని వదిలిన దుప్పి దగ్గర మూతి పెడుతుంది. రాత్రికి ఇల్లు చేరుతుంది. మర్నాడు గుంపు వచ్చి అదే నీటి గుంట దగ్గర వాసన చూస్తుంది. ఒకే చోట పడుకుని, ఒకరి నోటిలోది ఇంకొకరు తినే జంతువుల్లో ఒకదానికి జబ్బొస్తే గుంపంతా పోవడానికి ఎన్ని రోజులు పడుతుంది?

మేకల కాపరుల కష్టం నాకు తెలియనిది కాదు. నా విద్యార్థుల్లో సగం మంది ఆ ఇళ్ల పిల్లలే. మూడు మేకలు పోతే ఆ ఏడాది కూతురి ఫీజు పోయినట్టే. పరిహారం కోసం తిరిగి తిరిగి విసిగి, చచ్చిన మేక మీద గుళికల మందు చల్లినవాళ్లున్నారని ఆ పిల్లలే నాకు చెప్పారు. అలా చల్లితే రేచుకుక్కలతోపాటు ఎలుగులు, రాబందులు, చివరికి వాళ్ల సొంత కుక్కలు కూడా పోతాయి. పరిహారం నెలలోపు చేతికందితే ఆ మందు డబ్బా ఎవరూ తీయరు. అడవికి అయ్యే ఖర్చులో అది చాలా చిన్న మొత్తం.

పులుల లెక్క కోసం నల్లమలలో పెట్టిన కెమెరాల్లో రేచుకుక్కలు పడకుండా ఉండవు. ఆ ఫొటోలను విడిగా తీసి, ఏ బీట్‌లో ఎన్ని గుంపులు, పిల్లలున్నాయా లేదా అన్నది ఏటా ప్రకటించమని అటవీశాఖకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. కొత్త కెమెరాలు కొనక్కర్లేదు. డిగ్రీ కాలేజీల జంతుశాస్త్రం పిల్లలకు చూపిస్తే వాళ్లే కూర్చుని లెక్కపెడతారు, వాళ్లకి ప్రాజెక్టు కూడా అవుతుంది.

టీకాల విషయం ఇంకా తేలిక. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు రేబీస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ఊళ్లో పెంపుడు కుక్కలున్నవాళ్లు తెచ్చి వేయించుకుని వెళ్తారు. అడవి అంచు గూడేల నుంచి ఎవరూ రారు, మేకలు వదిలి రావడం కుదరదు. అందుకే ఐస్ బాక్సు పెట్టుకుని బండి గూడేనికే వెళ్లాలి. సాయంత్రం మంద ఇంటికొచ్చాక వెళ్లాలి, పగలు వెళ్తే కుక్కలు అడవిలో ఉంటాయి. రేబీస్‌తోపాటు డిస్టెంపర్, పార్వో కలిసిన టీకా వేయాలి. మూడు నాలుగు వారాల తర్వాత రెండో డోసుకి మళ్లీ వెళ్లాలి. రేచుకుక్కలు చలికాలంలో పిల్లల్ని పెడతాయి కాబట్టి ఇదంతా అక్టోబరు లోపు ముగియాలి. పశుసంవర్ధక శాఖ బండి ఇస్తే, బైర్లూటి, పెచ్చెర్వు వైపు గూడేల్లో ఏ ఇంట్లో ఎన్ని కుక్కలున్నాయో రాసిపెట్టడానికి నేనూ, నా పాత విద్యార్థులూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు
ఆత్మకూరు, నంద్యాల జిల్లా